నాపరాతి సబ్‌వూఫరు, మా అవ్వ వెనక సీటు

గౌరవనీయులైన సంబంధిత అధికారులకు... వారెవరైనా సరే, ఏ శాఖలో కొలువున్నా సరే... సవినయంగా విన్నవించుకొనునది. ఈ విషయమై ఇంట్లోనే చేసిన విజ్ఞప్తులు, అప్పట్లో శబ్దం మిక్కుటంగా ఉన్నందున, ఎవరికీ వినపడలేదు. కావున ఇంత ఆలస్యంగా, ఈ ఆన్‌లైన్ గోడ మీద సమర్పించుకోవలసి వచ్చింది.

మా చిన్నప్పుడు... రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో... కోయిలకుంట్లలో మా ఇంటి ముందర ఒక తెల్లకారు నిలబడి ఉండేది. నాలుగు తలుపులూ బార్లా తెరుచుకుని, డిక్కీ పైకెత్తుకుని... పశువుల డాక్టరు ముందర నోరు తెరిచిన ఎద్దులాగా.

ఆ కారును కొన్నది మా అవ్వ కోసం. ఆమె పుట్టినూరు జమ్మలమడుగు. పక్కనే గండికోట. అయినా ఆడపిల్లలను అంత దూరం ఎవరు తీసుకుపోతారన్న కారణంగా ఆమె కోటనూ చూడలేదు, కోట కింది పెన్నా లోయనూ చూడలేదు. చూద్దామనుకునే వయసొచ్చేసరికి మోకాళ్లు వంగడం మానేశాయి. బస్సు ఎక్కలేదు. వెనక సీటు పొడుగునా కాళ్లు చాపుకుని కూర్చుంటే తప్ప ప్రయాణం చేయలేదు.

కాబట్టి మా చిన్నాయన సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. గండికోట చూపిస్తానని అవ్వకు మాట కూడా ఇచ్చాడు. ఇంతవరకు ఎవరి మీదా ఏ ఫిర్యాదూ లేదు.

కారులో ఒక మామూలు టేప్ రికార్డరు ఉండేది. దాని పాట కారులో కూర్చున్నవాళ్లకు చక్కగా వినపడేది... కూర్చున్నవాళ్లకు మాత్రమే. అదే చిన్నాయనను బాధించింది. నంద్యాలకు పోయి ఒక ఆంప్లిఫయరు, అన్నం పళ్లెమంత సబ్‌వూఫరు స్పీకరు తెచ్చాడు. బిగించడానికి మస్తాన్ వచ్చాడు. ఆయన మా వీధి చివర రేడియోలు బాగుచేసే మనిషి. కార్లు ఆయనకూ కొత్తే.

సబ్‌వూఫరును ప్లైవుడ్ డబ్బాలో పెడితే డబ్బా గడగడమంది. అదరని వస్తువుతో డబ్బా కట్టాలని ఇద్దరూ తీర్మానించారు. అదరని వస్తువేది అన్న ప్రశ్నకు మా ప్రాంతంలో ఒకటే సమాధానం. ఇంటి నేల నాపరాయి. కప్పు నాపరాయి. జాలాట్లో బట్టలుతికే బండ నాపరాయి... సబ్‌వూఫరు డబ్బా మాత్రం ఏం పాపం చేసింది?

బండలు కోయించారు. ఆ డబ్బా డిక్కీలో పట్టలేదు. అందువల్ల వెనక సీటును, ట్యూనింగ్ పూర్తయ్యేంతవరకు, తాత్కాలికంగా ఊడదీసి అరుగు మీద పెట్టారు.

'తాత్కాలికంగా' అన్న పదాన్ని అధికారులు దయతో గమనించ ప్రార్థన.

ఇక ప్రతి ఆదివారమూ అవ్వ ఉతికిన చీర కట్టుకునేది. చిత్రాన్నం మూట పక్కన పెట్టుకుని, అరుగు మీదున్న ఆ సీటు మీదనే కాళ్లు చాపుకుని కూర్చునేది, కారుకు ఎదురుగా. ప్రయాణానికి సర్వం సిద్ధం... కారు తప్ప.

ట్యూనింగ్ విధానం ఇది. మస్తాన్ కారులో దూరి స్క్రూడ్రైవరుతో ఆంప్ మీది మరలు తిప్పుతాడు. చిన్నాయన వీధికి అవతల నిలబడి వింటాడు. కారులో కూర్చుని వినాలన్న ఆలోచన ఆయనకే కాదు, వీధిలో ఎవరికీ రాలేదు.

"బేసు ఇంగా గుద్దల్ల మస్తానూ."

"ఎర్ర లైటు పడ్తాండాది అన్నా. ఇంగ తిప్పితే ఆంప్ ఆగిపోతాది."

"పడనీప్పా. మాయమ్మ గూట్లో గ్లాసులు ఇంగా కదల్లేదు."

అవ్వ గూట్లోని స్టీలు గ్లాసులే మా వీధి ఆమోదించిన కొలమానం. తలుపులు తీసిపెట్టి సరిచేసిన శబ్దం, తలుపులు వేయగానే వేరేగా మారిపోయేది. తలుపులు వేసి సరిచేస్తే, తీయగానే చెడిపోయేది. మళ్లీ వచ్చే ఆదివారం... చిత్రాన్నం మేము ఇంట్లోనే తినేవాళ్లం.

చివరకు ఒకనాడు తలుపులు తీసినా, వేసినా గ్లాసులు గణగణమన్నాయి. వీధి తల ఊపింది. ట్యూనింగ్ పూర్తయినట్టు చిన్నాయన ప్రకటించాడు.

అవ్వ గోడ పట్టుకుని లేచింది. "అయితే సీటు ఎత్తండప్పా. ఎండ ముదరకముందే పోదాం."

మస్తాన్ తల గీక్కున్నాడు. "సీటు యాడ పెట్టేదవ్వా... సందుల్లో గాలి పోతాందని డబ్బాను సిమెంటు పోసి కారుకు అతికిస్తిమి గదా. కదిలిస్తే మొత్తం మళ్లా మొదటికొస్తాది."

అవ్వ చిన్నాయనను చూసింది. "గండికోటంటివే నాయనా."

"ముందు సీట్లో కూచోమ్మా. నిదానంగా పోదాం."

కూర్చోబెట్టి చూశారు. ఒక కాలు ఎలాగో లోపలికి వచ్చింది. రెండోది వంగలేదు. కాలు బయటుండగా తలుపు పడదు. చిన్నాయన సీటును వెనక్కి జరపబోయాడు... వెనక నాపరాయి. అవ్వను మళ్లీ పట్టుకుని తెచ్చి అరుగు మీది సీటులోనే కూర్చోబెట్టారు. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"పోనీలే నాయనా. ఈడికే శానా బాగ ఇనపడ్తాంది."

చిన్నాయన దాన్ని ప్రశంసగా స్వీకరించి, మస్తాన్ చేత మరను ఇంకాస్త తిప్పించాడు.

ఇప్పుడు... కారులో శబ్దాన్ని వేలితో తాకి సరిచేసుకుంటున్నాం. గండికోటకు చక్కటి రోడ్డుంది. ఈ మధ్య నేనూ పోయి వచ్చాను. పోయేటప్పుడూ, వచ్చేటప్పుడూ వెనక సీటు పొడుగునా ఖాళీ... పాట పెట్టాలనిపించలేదు.

మీ ఇళ్లలో కూడా తాత్కాలికంగా వాయిదాపడి, అలాగే ఉండిపోయిన ప్రయాణాలుంటే, వాటి వివరాలను ఈ క్రింద దాఖలు చేయగలరు. అన్నిటినీ కలిపి విచారించమని కోరుదాం. ప్రస్తుతానికి నా వంతు ఇది.

డిమాండు సంఖ్య 1: సదరు వెనక సీటును ఎక్కడున్నా వెతికించి, సదరు కారులో యథాస్థానంలో బిగించి, కాళ్లు చాపుకోవడానికి వీలుగా మా అవ్వ పేరిట కేటాయించవలెను. అవ్వ ఇప్పుడు లేదు గదా అన్న అభ్యంతరం చెల్లదు. ఆమె ఉన్నన్నాళ్లూ కారులో సీటు లేదు.