చూసి రాసే పరీక్ష

పుస్తకాలు ముందు పెట్టుకుని రాసే పరీక్షలో నేను తప్పాను. ఈ సంగతి నేను నోరు తెరిచి చెప్పేలోపే పెద్దపల్లిలో మా వీధంతా చెప్పుకుంది.

లా డిగ్రీ చేతికి రాగానే నల్లకోటు వేసుకోనిస్తారు గాని, అది తాత్కాలికం. రెండేళ్లలోపు బార్ పరీక్ష పాసైతే కోటు మనది, లేదంటే విప్పి మేకుకు తగిలించాలి. ఇచ్చిన జవాబుల్లో సరైనదానికి గుర్తు పెట్టే ఆ పరీక్షకు చట్టాల పుస్తకాలు వెంట తీసుకుపోవచ్చు, వాటిలో చేతిరాతలు లేకుంటే చాలు. నేను సంచి నిండా మోసుకుపోయాను. భుజం వాచింది, పరీక్ష పోయింది.

"చూసి రాసేది గూడ తప్పుతరా బిడ్డా?" అని అడిగాడు బాపు. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. అందుకే నాకు ఒళ్లు మండిపోయింది. పొలం పనులు నీకు తెలుసు, చట్టం సంగతి నీకెందుకని అరిచాను. ఆయన చెప్పులేసుకుని మడి దిక్కు వెళ్లిపోయాడు.

నా గడువులో ఇంకొక్క పరీక్షే మిగిలింది. అదీ పోతే కరీంనగర్ కోర్టులో మా సీనియర్ పక్కన నేను నిలబడే చోటు పోతుంది. ఆ చోటంటే నాకు ప్రాణం. పొద్దున్నే బస్సెక్కి, మెడకు తెల్లబ్యాండ్ కట్టుకుని, ఆయన ఫైళ్లు చంకలో పెట్టుకుని నడుస్తుంటే నా అంత మనిషి లేదనిపించేది.

నా జబ్బు అందరికీ తెలుసు, మందూ తెలుసు. అవ్వ కొండగట్టుకు మొక్కింది. మేనమామ హైదరాబాద్‌లో కోచింగ్ అన్నాడు. బార్ రూములో ఒక పెద్దాయన ఎంతో ప్రేమగా తన గైడు తెచ్చిచ్చాడు, తీరా చూస్తే అది పాత చట్టాలది. ఫోన్లో క్లాసులకు చేరాను. అందులో పాఠం చెప్పే అబ్బాయి నాకు వచ్చినవే నాకంటే వేగంగా చెప్పాడు.

చదివింది నాకు రాక కాదు. టైము చాలలేదు, చివరి పేజీల ప్రశ్నలు ముట్టకుండానే బెల్లు కొట్టారు. పుస్తకంలో పేజీ త్వరగా దొరకడం లేదు కాబోలనుకుని, పేజీలు గబగబా తీయడమే సాధన చేశాను. రోజూ అదే పని. ఎంత చేసినా పాత ప్రశ్నపత్రం ఒక్కటీ టైములో పూర్తి కాలేదు. నాకు భయం పట్టుకుంది.

లా కాలేజీలో నా బెంచీ మీద కూర్చున్న స్నేహితురాలు ఆదిలాబాద్‌లో ప్రాక్టీసు చేస్తుంది. మొదటిసారే పాసైంది. అందుకే ఆమె ఫోను నేను ఎత్తలేదు. చివరికి మెసేజ్ పంపింది: "కాయ్ గ, సచ్చినవా బతికినవా? శనివారం బస్సెక్కు. పుస్తకాలు తెచ్చుకో. సలహా ఒక్కటి గూడ ఇయ్య." ఆ ఊళ్లో పలకరింపులో కూడా మరాఠీ దొర్లుతుంది. సలహా ఇవ్వనన్న మనిషి అప్పటిదాకా నాకు దొరకలేదు, అందుకే వెళ్లాను.

నిర్మల్ దాటి ఆదిలాబాద్ చేరేసరికి పత్తి బండ్లు జిన్నింగు మిల్లుల ముందు బారులు తీరి ఉన్నాయి. మర్నాడు ఆదివారం. వాళ్లింట్లో అందరూ చర్చికి తయారయ్యారు. ఆమె ఒక్కతే వంటింట్లోంచి చిక్కుడుకాయల గిన్నె తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ప్రార్థనకు రావా బిడ్డా?" అంది వాళ్లవ్వ.

"నాది గూడ నువ్వే జెయ్యి అవ్వా. గీమెను జర చూసుకోవాలె."

నాకు పాత ప్రశ్నపత్రం ఇచ్చి, ఆమె కాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. కొంతసేపటికి చేతిలో కాయ అలాగే పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఆగు. గీ ప్రశ్నకు జవాబు నీకు తెల్వదా?"

"తెలుసు."

"మరి పుస్తకం ఎందుకు తీసినవ్?"

"చూసి పెడుదామని."

"దీనికంటే ముందటిదానికి?"

"అదీ తెలుసు."

"దానికీ తీసినవ్. వచ్చినదానికి తీస్తున్నవ్, రానిదానికి తీస్తున్నవ్. మళ్ల వేలు పెట్టి సదువుతున్నవ్ గూడ."

కిందికి చూసుకున్నాను. నా చూపుడు వేలు సెక్షన్ కింద గీత గీసినట్టు ఉంది. అది మా సీనియర్ సార్ నేర్పిన వేలు.

కొత్త చట్టాలొచ్చి సెక్షన్ల నంబర్లన్నీ మారాక, తలపండిన వకీళ్లకు కూడా పాత నంబర్లే నోట్లోంచి వచ్చేవి. నేను చేరిన మొదటి రోజే సార్ చెప్పారు: "నోటిని నమ్మకమ్మా. దాంట్ల పాత నంబరు కూసున్నది. పుస్తకం తియ్యి, వేలు పెట్టు, అప్పుడు మాట్లాడు." ఆయన ఆఫీసులో ఎవరైనా అంతే. ఏడాది తిరిగేసరికి అది నాకు ఊపిరి తీసుకున్నంత అలవాటైపోయింది. పరీక్ష హాల్లోనూ ప్రతి ప్రశ్నకూ అదే చేశాను.

"మా సార్‌ను ఏమనకు," అన్నాను, గొంతు పెద్దది చేసి.

"ఎవరన్నరే? కోర్టుల నువ్వు నంబరు తప్పు జెప్తే ఒకనికి జమానత్ ఆగి జైల్లనే ఉంటడు. ఇక్కడ తప్పైతే ఒక్క మార్కు పోతది. మీ సార్ జెప్పింది కోర్టుకు."

నా పుస్తకాలన్నీ తీసి బీరువాలో పెట్టింది. ముందు వచ్చినవాటికి జవాబులు పెట్టెయ్యాలి, రానివి వదిలెయ్యాలి, ఆ తర్వాతే బీరువా తాళం తీస్తానంది. పెన్ను పట్టుకుంటే రెండో చేయి లేని పుస్తకం కోసం పక్కనంతా తడిమింది. పుస్తకం లేకుండా నాకు ఏమీ రాదనిపించింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఆమె ఓదార్చలేదు. గిన్నె నా వైపు జరిపింది.

"కొన్ని కాయలు తియ్యి. చేతులు కుదురుకుంటయ్."

తీశాను. కుదురుకున్నాయి. వాళ్లవాళ్లు చర్చి నుంచి వచ్చేసరికి పత్రం పూర్తయింది, ఇంకా బోలెడు టైముంది. వాళ్లవ్వ నా తల నిమిరి, "ప్రార్థనల నీ పేరు గూడ జెప్పిన," అంది.

కరీంనగర్ వచ్చాక సార్‌తో ఈ మాట చెప్పడానికే నాకు ఎక్కువ ధైర్యం కావలసి వచ్చింది. మీరు నేర్పినదాని వల్లే తప్పానని ఏ జూనియర్ చెబుతుంది? చెప్పాను. ఆయన చేతిలో తిప్పుతున్న పేపర్‌వెయిట్ పక్కన పెట్టారు. తర్వాత నా ముందున్న చట్టం పుస్తకం మూసి, తన మోచేయి దాని మీద ఆనించారు.

"జెప్పు. ముందస్తు బెయిలు ఏ సెక్షన్?"

ఆ రోజు నుంచి రోజూ సాయంత్రం అదే వరస. నేను తప్పు చెబితే పుస్తకం ఇచ్చేవారు, ఒప్పు చెబితే మోచేయి తీసేవారు కాదు.

రెండోసారి పాసయ్యాను. బాపు మిఠాయి పెట్టె పట్టుకుని, నేను తప్పానని చెప్పుకున్న వీధిలోనే ఇంటింటికీ పంచి వచ్చాడు. నేను మరుసటి రోజు కోర్టుకు వెళ్లాను. సార్ ముందస్తు బెయిలు కేసులో లేచి నిలబడ్డారు. ఏ సెక్షన్ కింద అని జడ్జిగారు అడిగారు. సార్ నాలుక చివరికి పాత నంబరు వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. ఆయన చేయి పుస్తకం మీదికి వెళ్లి, అక్కడే ఆగింది. నా వైపు తిరిగారు.

"482 సార్," అన్నాను.

ఆయన పుస్తకం తెరవలేదు. నేను చెప్పిన నంబరే జడ్జిగారికి చెప్పి వాదన మొదలుపెట్టారు. వెనక కూర్చుని నేనే మెల్లగా పేజీ తీసి, వేలు పెట్టి చూసుకున్నాను. సరిగ్గానే ఉంది.