ఏడిళ్ళకు తాళం

ఈ ఉదయం మా పాపకు సూది వేయడానికి నర్సు దూదిని స్పిరిట్‌లో ముంచగానే, ఆ చల్లటి ఘాటుకు పైడమ్మగారు గుర్తొచ్చారు. పంతొమ్మిదివందల అరవైల చివర్లో, నా పెళ్ళికి ముందు, శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో మశూచి టీకాలు వేసే ఆవిడ దగ్గర పనికి చేరాను. ఇంటింటికీ ముందుగా వెళ్ళి, పిల్లల పేర్లు రిజిస్టరులో రాయడం నా వంతు. పుస్తకాలతో తప్ప మనుషులతో మెలగడం రాని నాకు, గుమ్మం ముందు నిలబడి పిలవడమే గండంగా ఉండేది.

పైడమ్మగారికి నీళ్ళంటే భయం. భావనపాడు వైపు పల్లెలకు ఉప్పుటేరు దాటాలి. పడవెక్కగానే టీకాల పెట్టెను ఒళ్ళో అదుముకుని కళ్ళు మూసుకునేవారు. మెడ వెంట చెమట కారేది.

"ఏటి టీకాలమ్మా, మొలలోతు నీల్లకే ఇలగైపోతే ఎలగ?" అని గడకర్రతో పడవ నడిపే ఎర్రయ్య నవ్వేవాడు.

"నా బయం నాది. నువ్వు గడెయ్యి మావా."

అంత పెద్దావిడ భయాన్ని దాచుకోకపోవడం చూసి నేనే లోలోపల సిగ్గుపడేదాన్ని.

ఒకరోజు అవతలి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పల్లెకు వెళ్ళాం. ఆవిడ ఒక చివర టీకాలు వేస్తుంటే నేను రెండో చివరకు వెళ్ళాను. మొదటి ఇంట్లోనే చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె, "సూదులొట్టుకొచ్చేవా? అమ్మోరికి కోపమొస్తాది, పో," అని కసిరింది. ఆ వరసలో ఏడిళ్ళు. ఇంకే గుమ్మమూ ఎక్కలేదు. పడవ నీడన కూర్చుని, ఏడింటికీ 'తాళం వేసి ఉంది' అని రాసేశాను.

ఏరు దాటి ఇవతలికి వచ్చాక ఆవిడ రిజిస్టరు తెరిచారు.

"ఒసే, ఆ ఊల్లో తలుపున్న ఇల్లొకటి సూపించు. అన్నీ తాటాకు తడికలే కదే. తాళాలెక్కడేసినారు?"

తల ఎత్తలేకపోయాను. "భయమేసిందండీ."

"బయమైతే బయమని రాయాల. నానెల్లి ఉందును. తాళమని రాసేత్తే ఆ పిల్లల కాడికి ఇంకెవులూ ఎల్లరు."

పక్క పల్లెలో అప్పటికే ఇద్దరు పిల్లలు మశూచితో మంచాన ఉన్నారు.

"బయం నాకూ ఉన్నాది. పిరికితనం అది కాదే, ఇదీ," అని ఆ పేజీని వేలితో తట్టి రిజిస్టరు నాకిచ్చారు. ఏడు తాళాలూ కొట్టేసి, పక్కన 'భయపడి వెళ్ళలేదు' అని రాశాను. కింద ఆవిడ సంతకం చేశారు. తర్వాత ఒడ్డు వైపు తిరిగి, "మావా, మల్లీ అవతలికి," అన్నారు. గాలి లేచి ఏరు కలకబారి ఉంది. ఆవిడ ముఖం పాలిపోయింది. అయినా నాకంటే ముందే పడవెక్కారు.

మొదటి ఇంటి ముందు నిలబడి పిలిచాను. "మీరు కోప్పడితే నాకు భయమమ్మా. అయినా పాపకు టీకా వేయించకుండా వెళ్ళలేను," అని బిడ్డను పట్టుకోవడానికి చేతులు చాపాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "పెల్లయిందా?"

"లేదు."

"అందుకే. నీకు పిల్లనొట్టుకోడం ఏటి తెలుస్తాది," అంటూ బిడ్డను తన ఒళ్ళోనే కూర్చోబెట్టుకుని ఆ చిన్న చేతిని పైడమ్మగారి ముందుకు చాపింది. పొద్దు వాలేలోగా ఆరిళ్ళు పూర్తయ్యాయి. ఏడో ఇంటి ముసలామె చీపురు పట్టుకుని తరిమింది. 'ఒప్పుకోలేదు, రేపు మళ్ళీ' అని ఉన్నదున్నట్టు రాశాను.

పైడమ్మగారికి నీళ్ళ భయం చివరిదాకా పోలేదని విన్నాను. కొత్త గుమ్మాల ముందు నాకూ బెరుకు పోలేదు. వెళ్ళాల్సిన చోటికి వెళ్ళని రోజున, డైరీలో వాన అనో తలనొప్పి అనో రాయబోయి ఆగుతాను. భయపడ్డానని రాస్తాను. అలా రాసిన మర్నాడు వెళ్ళక తప్పదు.