నిమ్మగడ్డి వాసన

మాది మండపేట దగ్గర పల్లెటూరు. కిందటేడు నాట్లప్పుడు చేలో సీసాపెంకు గుచ్చుకుని మా ఆయన ఎడమ పాదం తెగింది. ఆయనకు షుగరు. డాక్టరుగారు వారానికి యాంటీబయాటిక్ మాత్రలు రాశారు. మూడో రోజుకే ఆయన, "ఇవి వేడి చేస్తున్నాయే, నోరంతా పూసింది" అన్నారు.

నిమ్మగడ్డి నూనె క్రిముల్ని చంపుతుందని ఫోన్‌లో చదివాను. చలవ కూడా చేస్తుందనుకుని మాత్రలు మాన్పించాను. కొబ్బరినూనెలో ఆ నూనె కలిపి రెండు పూటలా కట్టు కట్టేదాన్ని. ఇల్లంతా ఘుమఘుమలాడేది. "పూజగదిలో పడుకున్నట్టుందే" అని ఆయన నవ్వేవారు. షుగరు వల్ల పాదంలో నొప్పే తెలియలేదు.

పదో రోజు చలిజ్వరం వచ్చింది. రాజమండ్రి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరుగారు కట్టు విప్పి ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఇన్నాళ్లూ వాసన రాలేదా అమ్మా?"

"మంచి వాసనే వచ్చిందండి" అన్నాను.

డాక్టరుగారు, "పైపైన పూసింది లోపలికి దిగిన చీముని ఏం చేస్తుందమ్మా" అన్నారు మెల్లగా. ఆ సాయంత్రమే మోకాలి కింద నుంచి తీసేశారు.

మా ఆయన ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మొన్న మధ్యాహ్నం పక్కింటావిడ నిమ్మగడ్డి వాసనొచ్చే ఫినాయిలుతో గచ్చు కడిగింది. ఆ వాసన మా వసారాలోకి వచ్చింది. కునుకు తీస్తున్న ఆయన కళ్లు తెరవకుండానే, "కట్టు మారుస్తావా?" అంటూ లేని కాలు నా వైపు చాపారు.