ఆఖరి ఆరు నిమిషాలు

నా చిన్నప్పుడు, బాస్కెట్‌బాల్ మ్యాచ్ నాలుగో క్వార్టర్‌లో, అంటే ఆఖరి భాగంలో, ఇంకా ఆరు నిమిషాలు ఉందనగా మా నాన్న జాకెట్ జిప్ పైకి లాగేవాడు... అంతే, మాకు మ్యాచ్ అయిపోయినట్టే. కింద కోర్టులో ఆటగాళ్ళు చెమటలు కక్కుతూ పరిగెడుతూనే ఉండేవారు. మేం మాత్రం పై వరసలోంచి "ఎక్స్‌క్యూజ్ మీ" అనుకుంటూ, జనం మోకాళ్ళు తప్పించుకుంటూ బయటపడేవాళ్ళం.

మేముండేది అమెరికాలో, రెడ్‌మండ్‌లో. మా బాస్కెట్‌బాల్ టీమ్ ఉండేది సరస్సుకి అవతల, సియాటిల్‌లో. మధ్యలో బ్రిడ్జ్. అందరితో పాటు బయల్దేరితే ఆ బ్రిడ్జ్ మీద ఇరుక్కుపోతామని నాన్న భయం. మన తెలుగువాళ్ళ ఉగాది ఫంక్షన్‌కి వెళ్ళినా ఇదే వరస... వోట్ ఆఫ్ థాంక్స్ మొదలవకముందే మా కారు మెయిన్ రోడ్డెక్కేది.

ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్‌లకే వెళ్ళేవాళ్ళం. నాన్నా, నేనూ... ఇద్దరమే. అమ్మకి ఆ గోల పడదు. అయినా పొద్దున్నే జంతికలు కాగితంలో చుట్టి ఇచ్చేది. లోపలికి బయటి తిండి తేకూడదు కదా... నాన్న వాటిని జాకెట్ లోపలి జేబులో దాచేవాడు. కొరికితే చప్పుడవుతుందని జనం అరిచినప్పుడే తినాలని రూల్ పెట్టాడు. మా టీమ్ ఆడే ఆటకి జనం అరిచేది ఎక్కడ? సగం జంతికలు ఇంటికే తిరిగొచ్చేవి.

ఓడిపోయేవాళ్ళు. ఊరికే కాదు, చిత్తుగా ఓడిపోయేవాళ్ళు. అయినా నాకు ఒక్కటే పట్టుదల... ఒక్క మ్యాచ్ అయినా చివరిదాకా కూర్చుని చూడాలి. "ఇంకో రెండు నిమిషాలు నాన్నా..." అని ప్రతిసారీ బతిమాలేదాన్ని. "చూసేదేముందమ్మా, ఎలాగూ పోతుంది" అనేవాడు.

ఒక మాట చెప్పాలి. నాన్న ఇంట్లో పెద్దగా మాట్లాడేవాడు కాదు. నా తెలుగు అంతంతమాత్రం, ఆయన ఇంగ్లీషేమో ఆఫీసు ఇంగ్లీషు. హోంవర్క్ అయిందా, అన్నం తిన్నావా... ఆ రెండూ అయ్యాక ఇద్దరికీ మాటలు ఉండేవి కావు.

కానీ అలా మధ్యలో లేచొచ్చి, కారెక్కి, రేడియో పెట్టేసరికి వేరే మనిషైపోయేవాడు. బయట ముసురు... వైపర్లు ఆడుతుంటాయి... రేడియోలో ఆఖరి నిమిషాల కామెంటరీ. దానిమీద నాన్న తెలుగు కామెంటరీ. "పట్టుకోరా సన్నాసీ! చేతులకి వెన్న రాసుకొచ్చాడేమిటే వీడు?" నేను పడీపడీ నవ్వేదాన్ని. తిరిగి నేనేదో అనేదాన్ని. బ్రిడ్జ్ దాటేదాకా మా ఇద్దరికీ నోరు మూతపడేది కాదు. ఆ సంతోషం అక్కడుందని నాకప్పుడు తెలీదు. నా ఏడుపల్లా చూడనివ్వని ఆ ఆరు నిమిషాల గురించే.

నాకు పదమూడో ఏడు వచ్చినప్పుడు, టీమ్ వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతుందని వార్తలు మొదలయ్యాయి. ఆ సీజన్‌లో చివరి హోమ్ గేమ్‌కి వెళ్ళాం. చుట్టుపక్కల పెద్దపెద్దవాళ్ళు కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆరు నిమిషాలు ఉంది... జిప్ చప్పుడు.

"నాన్నా, ఇవాళొక్కరోజు..." అన్నాను.

"వార్తల్లో అలాగే అంటారమ్మా. మళ్ళీ ఏడాది రామా ఏంటి? పద, బ్రిడ్జ్ జామ్ అయిపోతుంది."

కారులో రేడియో పెట్టాడు. మావాళ్ళు నాలుగు పాయింట్ల తేడాతో గెలిచారు. మ్యాచ్ అయిపోయినా జనం లేవట్లేదట... నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నారట. నాన్న రేడియో కట్టేశాడు. అప్పుడన్నాను. "అంతా నీ వల్లే. ఇంక నీతో ఎక్కడికీ రాను."

పదమూడేళ్ళ పిల్లకి నోరెంత... ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

టీమ్ నిజంగానే వెళ్ళిపోయింది. ఆదివారాలు నాన్న లాప్‌టాప్ ముందు, నేను నా గదిలో. హోంవర్క్ అయిందా, అన్నం తిన్నావా... మళ్ళీ అక్కడికే వచ్చాం. కాలేజీ, ఉద్యోగం, పెళ్ళి... ఇప్పుడు నేను డాలస్ పక్కన కాపెల్‌లో. ఫోన్ చేస్తే "వెదర్ ఎలా ఉందమ్మా?" అంటాడు. చెప్తాను. అమ్మకిచ్చేస్తాడు.

నిరుడు అమ్మానాన్నా వచ్చినప్పుడు పట్టుబట్టి ఇక్కడి టీమ్ మ్యాచ్‌కి టికెట్లు బుక్ చేశాను. ఇద్దరికే. కిందనే, మంచి సీట్లు. నాన్న ఎవరిదో తెలియని పెళ్ళికొచ్చినట్టు కూర్చున్నాడు. ఆరు నిమిషాలు ఉందనగా ఆయన చేతుల వంకే చూశాను. కదల్లేదు.

"వెళ్దామా నాన్నా?"

"నీ ఇష్టమమ్మా."

చివరిదాకా కూర్చున్నాం. ఇరవై ఏళ్ళుగా కోరుకున్నది దొరికింది. ఇక్కడి టీమ్ గెలిచింది కూడా. నాకేమీ అనిపించలేదు.

"ఎలా ఉంది?" అన్నాను.

"బావుంది. ఏసీ కాస్త ఎక్కువైంది."

పార్కింగ్‌లోంచి బయటపడటానికి నలభై నిమిషాలు. ఎటు చూసినా బ్రేక్ లైట్లే. ఇంతకన్నా సమయం దొరకదని గుండె చిక్కబట్టుకుని అన్నాను... "నాన్నా, ఆ చివరి మ్యాచ్ రోజు కారులో నేను అలా అనకుండా ఉండాల్సింది."

ఆయన కిటికీలోంచి బయటి కార్ల వంక చూశాడు.

"అవన్నీ ఇప్పుడెందుకమ్మా... ఆ పక్క లేన్ కదులుతోంది, అందులోకి వెళ్ళు."

వెళ్ళాను. ఇంటికొచ్చేదాకా ఇద్దరం ఇంకేమీ మాట్లాడుకోలేదు.

మా సియాటిల్‌కి మళ్ళీ టీమ్ వస్తుందంటున్నారు. రానివ్వండి. కొత్త పిల్లలు చూసుకుంటారు... మీకూ మీ నాన్నకీ మధ్య మాట పుట్టించే ఆటో, పాటో, తోటపనో ఇంకా మిగిలుంటే, అదేంటో కింద కామెంట్లలో చెప్పండి. చదువుకుంటాను. మా ఇద్దరికీ మాత్రం ఇంక ఏదీ లేదు.