మామయ్యగారు కిటికీలోంచి చూసిన రోజు

మా మామయ్యగారు పోయారు. కబురు చెప్పింది అత్తయ్యగారే. ఇక్కడ అమెరికాలో, ఆష్‌బర్న్‌లో నేను పాపకి జడ విప్పి పడుకోబెడుతున్నాను. అక్కడ విజయనగరంలో పొద్దెక్కుతోంది.

"మీ మామయ్య పొద్దున్నే టీ తాగేరమ్మా. ఇంకాసేపు పడుకుంటానన్నారు. మరి లెగలేదు" అన్నారావిడ.

ఫోన్లో వాళ్ళ వీధిలోని పాలవాడి సైకిలు గంట వినిపించింది. అది దూరమయ్యేదాకా ఇద్దరం విన్నాం.

మా ఆయన దొరికిన ఫ్లైట్ పట్టుకుని వెళ్ళిపోయారు. నా పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు దాటిపోయింది. వెళ్తే తిరిగి ఎప్పుడు రాగలనో చెప్పలేనని లాయర్ అన్నాడు. అందుకని నేను పాపతో ఇక్కడే ఉండిపోయాను. అక్కడ ఇంటి నిండా జనం, అందరూ ఆయన గురించే మాట్లాడుకుంటున్నారట. నాకిక్కడ ఆ మాటలు పంచుకోవడానికి ఎవరూ లేరు. కనుక మీతో చెప్పుకుంటున్నాను.

మామయ్యగారు బస్సు డ్రైవరు. రిటైరయ్యేదాకా ఎర్రబస్సు నడిపారు, అందులో ఎక్కువకాలం విశాఖ నుంచి అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మీద. నేను నిజామాబాద్ పిల్లని. ఆయన "ఏటి" అంటే నేను "ఏంది" అనేదాన్ని. పెళ్ళయిన కొత్తలో మా మాటలకి మేమే నవ్వుకునేవాళ్ళం. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అమెరికా వచ్చి మా దగ్గర ఉన్న ఆరు నెలలూ, పొద్దున నేను ఆఫీస్‌కి బయలుదేరే ముందు చెప్పులు వేసుకుని పార్కింగ్‌లోకి దిగేవారు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు టైర్లనీ అరచేత్తో తట్టి, పక్కకి తప్పుకుని "ఎల్లి రామ్మా" అనేవారు. మంచు కురిసిన రోజున కూడా మానలేదు. ఒకసారి ఇంటినుంచే పనిచేస్తూ నేను మీటింగ్‌లో ఎవరితోనో గట్టిగా వాదించి, చిరాకుగా గదిలోంచి బయటికి వస్తే, సోఫాలోంచి తలెత్తి అన్నారు: "మలుపు కాడ ముందు ఇనాలమ్మా. హారను తరవాత." మళ్ళీ పేపరు చదువుకోవడంలో పడిపోయారు.

వాళ్ళు తిరిగి వెళ్ళడానికి కొద్దివారాల ముందు, దాచుకున్న క్రెడిట్ కార్డ్ పాయింట్లన్నీ వాడి అందరం హవాయి వెళ్ళాం. బిగ్ ఐలాండ్ అనే దీవి చుట్టూ ఒక్కరోజులో తిప్పి చూపించే టూర్ బస్సు ఒకటి ఉంటే బుక్ చేశాను. మా పాపకి మలుపులు పడవు. వాళ్ళ నాన్న పాపతో హోటల్‌లో ఉండిపోయారు. బస్సెక్కింది అత్తయ్యగారు, మామయ్యగారు, నేను.

డ్రైవరు ఒక పెద్దావిడ. నెరిసిన జుట్టు ఒంటి జడ వేసుకుని, చెవి మీద తెల్లపువ్వు పెట్టుకుంది. గైడ్ కూడా ఆవిడే. చెంప పక్కన చిన్న మైకు తగిలించుకుని, బండి నడుపుతూనే దీవి కథలన్నీ చెబుతోంది.

మామయ్యగారికి అది మింగుడుపడలేదు. "బండి నడుపుతా మాటాడతాదేటమ్మా?"

"ఇక్కడ అంతే మామయ్యా. ఆమె గైడ్ కూడా."

"మా బస్సుల్లో డ్రైవరుతో మాటాడరాదని బోర్డుండీది" అన్నారు. మాతోపాటు మధ్య సీట్లలో కూర్చోవలసిన ఆయన, వెళ్ళి మొదటి వరసలో ఖాళీగా ఉన్న సీట్లో కూర్చున్నారు. అక్కడినుంచి ముందరి అద్దంలో రోడ్డు మొత్తం కనిపిస్తుంది. వెనకనుంచి చూస్తే ఆయన కుడికాలు మాటిమాటికీ నేలని నొక్కడం కనిపించేది.

ఊరు దాటగానే లావా మొదలైంది. అంతవరకూ నేను ఫొటోల్లోనే చూశాను. కొండమీదినుంచి సముద్రందాకా నేలంతా నలుపు. ఒకచోట ముడతలు ముడతలుగా, ఒకచోట దున్నిన చేనులా పెళ్ళలు పెళ్ళలుగా, మధ్యలో ఎక్కడో ఒక్క పచ్చటి మొక్క. ఆ నలుపు అంచున నీలం నీళ్ళు వచ్చి తెల్లగా విరిగిపోతున్నాయి. బస్సు అద్దాలకి అవతల శబ్దమేమీ లేదు. నిద్రలో నడుస్తున్నట్టుంది.

అత్తయ్యగారు అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నారు. "బెల్లంపాకం పొంగి పొయ్యి మీద మాడినట్టుందమ్మా" అన్నారు.

నేను లేచి ముందుకు వెళ్ళాను. "మామయ్యా, ఒక్కసారి ఇటు చూడుండ్రి."

"సూత్తానమ్మా. ఈ మలుపు అవనీ."

తిరిగొచ్చి చెబితే అత్తయ్యగారు కిటికీలోంచి కళ్ళు తిప్పకుండానే అన్నారు: "ఆ మలుపు ఎప్పటికీ అవదమ్మా."

మధ్యాహ్నం బస్సుని నల్ల ఇసుక ఉన్న బీచ్ దగ్గర ఆపారు. కొబ్బరిచెట్ల కింద పులిహోర డబ్బాలు విప్పుకుని తిన్నాం. ఇసుక నిజంగానే నల్లటిది. పిడికిట్లోకి తీసుకుంటే వెచ్చగా, గరుకుగా మెరిసింది. కాస్త దూరంలో పెద్ద బండరాళ్ళనుకున్నవి నెమ్మదిగా మెడలు చాచాయి. తాబేళ్ళు. వాటి దగ్గరికి పోకూడదని చుట్టూ రాళ్ళు పేర్చారు. అత్తయ్యగారు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నీళ్ళలోకి దిగారు. "ఇక్కడ వెచ్చగుంది, ఇక్కడ చల్లగుంది" అంటూ చిన్నపిల్లలా అటూ ఇటూ అడుగులు మార్చారు. కొండలోంచి వచ్చే మంచినీళ్ళు అక్కడ అడుగునుంచి సముద్రంలోకి ఊరుతాయని డ్రైవరు చెప్పింది.

ఒడ్డుకొచ్చి కూర్చున్నాక, ఏదో గుర్తొచ్చినట్టు ఆవిడే మొదలుపెట్టారు.

"పెళ్ళయిన కొత్తలో మీ మామయ్య నన్ను ఘాటీ సూపిత్తానని ఆల బస్సులో తీసుకెళ్ళేరు. ఆరి ఎనకాల సీట్లో కూకున్నాను. కొత్త చీర, తలనిండా పూలు. పైన బోర్డుంది గదా, మాటాడరాదని. మాటాడలేదు. అరకులో దిగి టీ తాగేం. ఈయన టైర్లు సూసుకున్నారు, టైమయిపోయింది. మళ్ళీ ఎక్కి ఒచ్చీసేం."

"ఎట్లుంది ఘాట్?" అని అడిగాను.

"ఏటి తెలుసు? కిటికీ కాడ ఇంకెవరో కూకున్నారు. నాకు కనపడింది మీ మామయ్య మెడ."

ఆవిడ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పుడు చూస్తే మామయ్యగారు బూట్లు చేత్తో పట్టుకుని మా వెనకే నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు.

"ఎనకాల బస్సునిండా జనం ఉండీవోరు గదే" అన్నారాయన మెల్లగా.

"ఉండీవోరు" అన్నారు అత్తయ్యగారు. "ఆ జనంలో నేనూ ఉన్నాను."

కోపంగా అనలేదు. ఎన్నో ఏళ్ళుగా తెలిసిన విషయాన్ని చెప్పినట్టు చెప్పారు. మామయ్యగారు ఆవిడ పక్కన ఇసుకలో కూర్చుని సముద్రం వైపు చూశారు. ఒక తాబేలు నీళ్ళలోకి జారి, అల మీద ఒకసారి తేలి, మాయమైంది. అప్పుడు నేను ఏదైనా మాట్లాడి ఉంటే ఆ రోజు ఇంకోలా ఉండేదేమో. వాళ్ళిద్దరి మధ్యా నేను లేనట్టే ఉంది ఆ క్షణం.

బస్సెక్కేటప్పుడు మామయ్యగారు మెట్టు దగ్గర ఆగి, "ఎన్నాళ్ళనించి నడుపుతున్నాదో అడగమ్మా" అన్నారు. అడిగాను. ఇరవై ఏళ్ళ పైనే అని చెప్పిందావిడ. ఈయన కూడా బస్సు డ్రైవరేనని, జీవితమంతా కొండరోడ్డు మీదే నడిపారని చెప్పాను. ఆవిడ చెయ్యి చాచి ఆయన చేతిని పట్టుకుంది. ఆవిడ ఇంగ్లీషులో అన్న మాటల అర్థం ఇది: "అయితే ఈరోజు మీకు సెలవు. రోడ్డు సంగతి నేను చూసుకుంటాను. మీరు సముద్రం చూడండి."

నేను తెలుగులో చెప్పబోతే ఆయన చెయ్యి అడ్డంపెట్టారు. "తెలిసిందమ్మా."

మొదటి వరస సీటు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డారు. అక్కడే కూర్చుంటారేమో అనుకున్నాను. ఆయన సీట్ల వీపులు పట్టుకుంటూ నడుచుకొచ్చి, అత్తయ్యగారి పక్కన నిలబడ్డారు. నేను వెనక వరసలోకి మారాను. ఆవిడ కిటికీ సీటు ఇవ్వబోతే వారించారు.

"నువ్వే కూకో. నేను నీ పక్కనించి సూత్తాను."

మొదట్లో ఆయనకి చేతకాలేదు. బస్సు తిరిగినప్పుడల్లా కళ్ళు ముందరి అద్దం వైపే పోయేవి. అగ్నిపర్వతాల పార్కులోకి ఎక్కుతున్నప్పుడు పొగమంచు కమ్మేసింది. రోడ్డు, చెట్లు, ముందు బండి వెనక దీపాలు, అన్నీ తెలుపులో కలిసిపోయాయి. డ్రైవరు మైకు ఆపేసింది. మామయ్యగారు సీట్లోంచి సగం లేచారు. అత్తయ్యగారు ఆయన మణికట్టు మీద చెయ్యి వేశారు. లాగలేదు. ఆయన కాసేపు అలాగే ఉండి, మెల్లగా కూర్చుని, కళ్ళు మూసుకున్నారు. మంచు విడిపోయాక ఆవిడే లేపారు.

నేల పగుళ్ళలోంచి ఆవిరి లేస్తోంది. ఫెర్న్ మొక్కల మధ్యనుంచి తెల్లగా లేచి, వంగి, గాలిలో కలిసిపోతోంది. అక్కడ దిగి ఆ ఆవిరికి చేతులు చాపారిద్దరూ, చలిమంటకి చాపినట్టు. ఆ తరవాత లోయలాంటి పెద్ద బిలం అంచున నిలబడ్డాం. దాని అడుగున నలుపు, దాని మీద మబ్బుల నీడలు కదులుతున్నాయి. "ఇది ఇంకా కాగుతున్నాదా?" అని అడిగారాయన. లోపల కాగుతూనే ఉందన్నాను. తల ఊపారు.

హిలో ఊరు దాటి, పచ్చటి గట్ల మీదుగా సముద్రం పక్కనే పోతున్నప్పుడు ఆయన మాట్లాడడం మొదలుపెట్టారు. నాతో కాదు, అత్తయ్యగారితో. వెనకనుంచి నాకు వినిపించింది.

"ఘాట్లో ఒకచోట జనం అందరూ ఒక్కసారి ఎడంపక్కకి ఒంగీవోరే. బండి బరువు అటు మారీది. స్టీరింగ్‌లో తెలిసీది నాకు. అప్పుడనుకునీవోన్ని, అక్కడేదో సక్కనిది ఉన్నాదని."

"ఏటుండీది?"

"తెల్దు. రోజూ అక్కడ బరువు మారీది. ఏటున్నాదో సూడలేదు."

అత్తయ్యగారు "ఎల్లి సూద్దాం" అన్నారు.

వాళ్ళు నిజంగానే వెళ్ళారు. విజయనగరం చేరిన నెలకి టికెట్ తీసుకుని, పాసింజర్లలా అరకు బస్సెక్కారు. ఆ సాయంత్రం వీడియో కాల్‌లో ఏం చూశారని అడిగితే మామయ్యగారు గొంతు సవరించుకుని, "లోయమ్మా. దాని మధ్యలో ఒక సెట్టుకి ఎర్రపూలు. అంతే" అన్నారు. ఆ "అంతే" అన్నప్పటి ఆయన ముఖాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోవలసింది. తీయలేదు. తరవాత కూడా వాళ్ళు ఇంకో రెండు మూడు చోట్లకి బస్సుల్లో వెళ్ళారు. ప్రతిసారీ ఆవిడది కిటికీ పక్క, ఆయనది ఆవిడ పక్క.

మొన్న ఫోన్లో అత్తయ్యగారు అన్నారు: "చానా ఆలీసంగా ఒచ్చేరమ్మా పక్కకి. ఒచ్చేరు గానీ." ఆవిడ ఓదార్పు అడగలేదు.

నాకు మాత్రం ఆ రోజు చివరి గంట పదేపదే గుర్తొస్తోంది. బస్సు దీవి చుట్టూ తిరిగి మళ్ళీ పొద్దున మేం బయలుదేరిన ఎండు వైపుకి వచ్చింది. సముద్రం మీద పొద్దు వాలుతోంది. రోడ్డుకి రెండు పక్కలా మళ్ళీ ఆ నల్లటి లావా. దాని మీద ఎవరెవరో ఒడ్డునుంచి తెల్లటి పగడపు రాళ్ళు ఏరి తెచ్చి, తమ పేర్లుగా పేర్చి వెళ్ళారు. మైళ్ళకొద్దీ పేర్లు. మామయ్యగారు అత్తయ్యగారి మీదుగా వంగి, కూడబలుక్కుంటూ ఆవిడకి చదివి వినిపిస్తున్నారు.

"లీ... సా. లీసా."

"ఎవరు?"

"తెల్దే. ఇదుగో, డే... విడ్. పక్కన గుండె బొమ్మ."

"ఒక్కటీ ఒదలకుండా సదువు."

"సదువుతున్నాను గదా. ఆన్... నా."

వెలుతురు తగ్గేకొద్దీ నలుపంతా ఒకటైపోయి, తెల్లరాళ్ళు మాత్రం గాలిలో తేలుతున్నట్టు కనిపించాయి. బస్సులో సగంమంది నిద్రపోయారు. డ్రైవరు మైకు తీసి పక్కన పెట్టేసింది. అత్తయ్యగారి తల అద్దానికి ఆని ఉంది. ఆయన ఇంకా చదువుతూనే ఉన్నారు, గొంతు బాగా తగ్గించి, ఒక్కొక్క అక్షరమూ.