వర్లీన్ పేరు మీద నా రక్తం

వర్లీన్ టాలివర్ మా డెల్టా ఊరి బడి వంటశాలలో ఇరవై తొమ్మిదేళ్లు వండింది. ఆమె చేతి మొక్కజొన్న రొట్టె తినకుండా ఈ ఊళ్లో ఎవరూ పెద్దవాళ్లు కాలేదు. చర్చి పాటల బృందంలో నా పక్కనే నిలబడేది. గొంతు పెద్దది, నవ్వు పెద్దది, మనిషీ పెద్దదే. ఆ మూడోదాని గురించే ఊరు మాట్లాడేది. పాట గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

నా పేరు అర్లీతా. రక్తం తీయడం నా పని. మా నల్లవాళ్ల గుండెలు ఇంత తొందరగా ఎందుకు ఆగిపోతున్నాయో తేల్చడానికి ఇక్కడొక పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. అందులో మొదటి రోజు నుంచీ ఉన్నాను. ఎంత దొరకని నరమైనా అర్లీతా చేతికి దొరుకుతుందని నాకో పేరుండేది. ఆ పేరే నా కొంప ముంచింది. అబద్ధం, ముంచింది వర్లీన్ కొంప. నాది తేలుతూనే ఉంది.

పాస్టరు గారు చర్చిలో ఈ పరిశోధన సంగతి చెప్పినప్పుడు ముందుగా సంతకం పెట్టింది వర్లీనే. వాళ్లమ్మ యాభై రెండేళ్లకే పత్తి జిన్నింగు మిల్లు గేటు దగ్గర గుండె పట్టుకుని కూలిపోయింది. ఆస్పత్రివాళ్లు కాగితం మీద "లావు" అని రాసి చేతులు దులుపుకున్నారు. రోగం పేరు రాయడానికి కూడా బద్ధకించారని వర్లీన్‌కి జీవితాంతం కడుపుమంట.

"ఇన్నాళ్లకి మన రక్తం కావాలని ఎవడో ఒకడు అడిగాడే," అంది నాతో. "అమ్మది ఎవడూ అడగలేదు. నాదైనా లెక్కలో ఉండాలి."

చర్చి కింది హాల్లో ఒక శనివారం పొద్దున రక్తాలు తీశాం. రాత్రి నుంచీ ఎవరూ ఏమీ తినకూడదు. పక్క గదిలో గుడ్లూ సాసేజీలూ వేగుతున్న వాసన, బయట మడత కుర్చీల్లో ముప్పైమంది ఆకలి మొహాలు. తెర ఇవతల వర్లీన్ చేయి నా బల్ల మీద పెట్టింది. రబ్బరు పట్టీ కట్టాను, వేడి గుడ్డ వేశాను, తట్టాను, నొక్కాను. నరం తగల్లేదు. ఒకసారి గుచ్చాను. రెండోసారీ గుచ్చాను. రెండుసార్లకి రాకపోతే ఆగి ఇంకొకళ్లని పిలవాలన్నది నియమం. ఆ రోజు నాతో రావలసిన అమ్మాయి రాలేదు. మూడోసారి గుచ్చాను.

తెర అవతల తన వంతు కోసం కాచుకున్న సిస్టర్ యూలా బ్రాడ్‌నాక్స్ అరిచింది: "ఇంకెంతసేపమ్మా వర్లీన్? నీకైతే ఒంట్లో నిల్వుంది. మాకేముంది, ఆకలికి చచ్చిపోతున్నాం ఇక్కడ!"

హాలంతా నవ్వింది. అందరికంటే గట్టిగా వర్లీనే నవ్వింది. "నీ వంతు వచ్చేసరికి ఎముకల్లోంచి పిండాల్సిందేలే యూలా, ఓపిక పట్టు!" అని బదులు కూడా చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది. కళ్ల నిండా నీళ్లు.

"చూశావుటే, నా రక్తానికి కూడా బయటికి రావాలంటే సిగ్గే."

ఏడోసారికి గొట్టంలో నాలుగు చుక్కలు పడ్డాయి. దాని మోచేతులు రెండూ, ఎడం చేతి వెనకా నీలంగా కమిలిపోయాయి.

"రాకపోతే నా పేరు కొట్టేస్తారా?" అని అడిగింది.

గొట్టానికి మూత బిగించాను. "వచ్చిందిలే, సరిపోతుంది. వెళ్లి తిను," అన్నాను. అది నా బుగ్గ మీద ముద్దు పెట్టి వెళ్లింది.

బాత్రూంలోకి వెళ్లి గడియ వేసుకున్నాను. నేను రివటలా ఉంటాను, నా నరాలు తాళ్లలా పైకే కనిపిస్తాయి. పట్టీ ఒక కొస పళ్లతో పట్టుకుని బిగించాను. రెండు నిమిషాల్లో గొట్టాలన్నీ నిండాయి. వాటి మీద వర్లీన్ టాలివర్ అన్న చీటీలు అంటించాను. తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు. సాయం చేస్తున్నట్టే అనిపించింది. తెర బయటికి వచ్చాక యూలా, "అర్లీతా, నీ చేతికి దొరకని నరం లేదే!" అంటే సంతోషం కూడా వేసింది.

ఆ గొట్టాలు పద్నాలుగేళ్లు మంచుపెట్టెలో ఉన్నాయి. తర్వాత కొత్త పరీక్షలు వచ్చాయి. ఒంట్లో కొవ్వు ఊరికే కూర్చోదట, రక్తంలోకి కొన్ని ప్రొటీన్లను వదులుతుందట. లావుగా ఉన్నవాళ్లందరిలోనూ అవి ఒకేలా ఉండవు. ఎవరి రక్తంలో ఎక్కువున్నాయో వాళ్లకే ముందు ముందు గుండెపోటు ఎక్కువగా వస్తోందని తేల్చారు. పాత గొట్టాలన్నీ బయటికి తీసి కొలిచారు. ఫలితం తెలియాలని కోరుకున్నవాళ్లకి ఉత్తరాలు రాశారు.

వర్లీన్ ఆ ఉత్తరాన్ని ఆదివారం ప్రార్థన అయ్యాక భోజనాల బల్ల దగ్గర నిలబడి గట్టిగా చదివింది. అన్ని ప్రొటీన్లూ తక్కువ. దీన్ని చూసి మీ డాక్టరు చెప్పినవేవీ మానవద్దని కింద చిన్న అక్షరాల్లో రాశారు. అది చదవలేదు.

"విన్నారా? లావుకీ గుండెకీ మధ్య చాడీలు మోసేవాళ్లెవరూ నా ఒంట్లో లేరట!" అంది. "మోకాలు నొప్పంటే లావు తగ్గు, చెవి నొప్పంటే లావు తగ్గు అనే ఆ డాక్టరు మొహాన కొడతాను ఈ కాగితం."

దాని మొహం అంతగా వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. నా పళ్లెం బల్ల మీద పెట్టేశాను. పక్కకి పిలిచి, "కొలెస్ట్రాల్ మాత్రలు మాత్రం మానకే," అన్నాను.

"అవేసుకుంటే పిక్కలు పీకేస్తున్నాయే. ఇక ఎందుకు?"

"ఒక కాగితాన్ని నమ్ముకుని..."

"కాగితాన్ని కాదే," అంది నా భుజం తట్టి. "ఆ రక్తం తీసింది నువ్వు కదుటే. నీ చేతి మీద నీకే నమ్మకం లేదా?"

అప్పుడు చెప్పాలి. చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. నా పేరు పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. నేను చించుకోలేదు, దాని మాత్రలు మాత్రం చెత్తబుట్టలో పడ్డాయి.

ఏడాది గడిచింది. ఒక బుధవారం సాయంత్రం పాటల సాధనలో వర్లీన్ దవడ రుద్దుకుంటూ కనిపించింది. పన్ను నొప్పి అంది. ఎడమ భుజం కూడా లాగుతోందంది. చెమటలు పడుతున్నాయి.

"పద, ఆస్పత్రికి. నా కారులో తీసుకెళతాను," అన్నాను.

అది చేతిసంచి మీద రెండుసార్లు తట్టింది. ఉత్తరం అందులోనే ఉండేది. "నా రక్తం మంచిది. నువ్వు కంగారు పెట్టకు. రేపు మూడొందల మందికి చికెన్ వేయించాలి."

ఆ నాలుగు మాటలూ నాలుక చివరిదాకా వచ్చాయి. ఆ రక్తం నీది కాదే. అంతే, నాలుగే మాటలు. బృందమంతా చూస్తోంది. మొహం చెల్లలేదు. మర్నాడు పదకొండున్నరకి వర్లీన్ వంటశాల నేల మీద పడింది. యాభై ఆరేళ్లు. వాళ్లమ్మ కంటే నాలుగేళ్లు ఎక్కువ బతికింది.

అంత్యక్రియల్లో పాస్టరు గారు ఉత్తరం సంగతి కూడా చెప్పారు. రక్తం మంచిదే, దేవుడికే తొందరైంది అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. తర్వాతి వారం ఆఫీసులో ఒక కుర్ర డాక్టరు ఆమె ఫైలు పట్టుకుని ఉత్సాహంగా తిరిగాడు. ఇంత లావు, ప్రొటీన్లు ఇంత తక్కువ, అయినా గుండెపోటు. ఇలాంటి కేసు చాలా విలువైనది అన్నాడు. వర్లీన్ లెక్కలో ఉండాలనుకుంది కదా, చివరికి అలా ఉంది. వాడి చేతిలోంచి ఆ ఫైలు లాక్కుని చింపేయాలనిపించింది. వెళ్లి కాఫీ కలుపుకున్నాను.

నేను నోరు విప్పింది లాట్రీస్ వల్ల. వర్లీన్ కూతురు, ముప్పై నాలుగేళ్లు, అచ్చం తల్లి ఒళ్లే. పిల్లల తరాన్ని కూడా పరిశోధనలో చేర్చుకుంటున్నారని చెప్పడానికి వాళ్లింటికి వెళ్లాను. ఉత్తరం ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించి ఉంది.

"నాకెందుకు పిన్నీ?" అంది. "అమ్మ రక్తం మంచిది, నాదీ అదేగా. బీపీ మాత్రలు కూడా మానేద్దామనుకుంటున్నా."

కుర్చీలో కూర్చున్నాను. "ఆ రక్తం మీ అమ్మది కాదు, లాట్రీస్. నాది."

అంతా చెప్పాను. చర్చి హాలు, ఏడు పోట్లు, యూలా వేళాకోళం, బాత్రూం. అది సింకు పట్టుకుని నిలబడి వింది.

"ఎందుకు చేశావు?"

"గొట్టం నిండకపోతే పేరు కొట్టేస్తారమ్మా. మీ అమ్మ తట్టుకోలేదనీ..."

"అమ్మ కోసమన్నమాట," అంది.

"అమ్మ కోసమే."

అది వెళ్లి ఉత్తరం పీకి నాలుగు మడతలు పెట్టింది. "రక్తం ఇస్తాను. ఎన్ని పోట్లయినా సరే. తీసేది మాత్రం నువ్వు కాదు."

ఆ వారమే ఆఫీసులోనూ చెప్పాను. రాతపూర్వకంగా ఇమ్మన్నారు, ఇచ్చాను. మెడలో కార్డు తీసుకున్నారు. లాట్రీస్ రక్తం ఇవ్వడానికి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. నా చెప్పులూ కప్పూ అట్టపెట్టెలో సర్దుకుని నడవాలో కూర్చున్నాను, చివరి సంతకం కోసం. లోపల కొత్త పిల్ల. ఒక పోటు పొడిచింది. "అయ్యో, క్షమించండి" అంది. రెండోది పొడిచింది. తర్వాత పట్టీ విప్పిన చప్పుడు వినిపించింది.

లాట్రీస్ మోచేతి దగ్గర దూది పట్టుకుని బయటికి వచ్చింది. చేతిలో చిన్న పసుపు చీటీ.

"రాలేదు," అంది. "రెండుసార్ల కంటే గుచ్చకూడదట. మంగళవారం మళ్లీ రమ్మని ఈ చీటీ ఇచ్చింది. పేరేమీ కొట్టెయ్యరట."

నేను అట్టపెట్టె వైపు చూస్తున్నాను.

"ఈ చీటీలు అప్పుడు కూడా ఉండేవా, పిన్నీ?"

"ఉండేవి," అన్నాను.