చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు

మా అక్క కూతురు సాహితి గ్రేటర్ నోయిడాలో పిల్లల ఆటల మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఈ రోజు మా మయూర్ విహార్ ఫ్లాట్‌కి వచ్చి, పక్కింటి ఐదేళ్ల పీహూని, నన్ను వామనగుంటల పీట ముందు కూర్చోబెట్టి కెమెరా పెట్టింది. షరతు ఒకటే. పిల్ల ఎలా ఆడినా ఇరవై నిమిషాలు నేను సరిదిద్దకూడదు. రేపు గైడ్‌కి చూపించాల్సిన ఆఖరి రికార్డింగ్ అది.

పీహూ చింతగింజలన్నీ ఒకే గుంటలో పోసి చేతిరుమాలు కప్పింది. అవి నిద్రపోతున్నాయట. ఆరు నిమిషాలు ఓర్చుకుని, గుంటకొకటి వెయ్యాలమ్మా అని హిందీలో చెప్పేశాను.

"ఆంటీ, ఆప్ అకేలే ఖేలో" అని పీట నా వైపు తోసేసి, మీరొక్కరే ఆడుకోండన్నట్టు వెళ్లిపోయింది.

సాహితి తల పట్టుకుంది. "పిన్నీ, ముందే చెప్పాను కదా!"

"తప్పు ఆడుతుంటే చూస్తూ ఎలా కూర్చోనే?"

"తప్పని ఎవరన్నారు? నేను రాయాల్సింది దాని గురించే!"

సాయంత్రం ఇద్దరం వెళ్లి పీహూని బతిమాలాం. ఆంటీ వంటింట్లో ఉంటేనే వస్తానంది. ఉన్నాను. రికార్డింగ్ పూర్తయింది. మా ఇంట్లో నన్ను గదిలోంచి పంపేసిన మొదటి మనిషి ఈ పిల్లే. మీరైతే ఊరుకోగలిగేవారా? నిజం చెప్పండి.